పదకొండు రోజుల గైర్హాజరు

వర్నా స్టెగల్‌కు పొద్దున్నే కోపం వస్తుంది. కాఫీ గొంతు దిగేదాకా ఆగుతుంది, అంతే. ఆ తర్వాత కోర్టు భవనం నేలమాళిగలో తన గది తలుపు తీసి, బల్ల మీది ఉత్తరాలు విప్పేసరికి ఒళ్ళు మండటం మొదలవుతుంది. సైనిక రికార్డుల ఆఫీసు నుంచి వారానికి రెండో మూడో ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. "మీరు కోరిన సైనికుని సర్వీసు ఫైలు గతంలో జరిగిన అగ్నిప్రమాదంలో దగ్ధమైనట్టు భావించవలసి ఉన్నది." భావించవలసి ఉన్నదట. చూశారా అంటే చూడలేదు. వెతికారా అంటే వెతకలేదు. అచ్చు వేయించి పెట్టుకున్న వాక్యంలో పేరొక్కటి మార్చి పంపేస్తారు. కాలో చెయ్యో పోగొట్టుకుని వచ్చిన మనిషికి అంతకంటే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.

మిస్సోరి దక్షిణపు కొండల్లో ఉన్న మా మార్బుల్ గ్యాప్‌లో మాజీ సైనికుల కాగితాల పని చూసే కౌంటీ ఉద్యోగం ఆవిడది. గదికి ఒక పక్క బాయిలరు, ఇంకో పక్క ఎన్నికల పెట్టెలు, మధ్యలో వర్నా. యాభై నాలుగేళ్ళ మనిషి. వయసులో ఉండగా ఎనిమిదేళ్ళు సైన్యంలోనే పనిచేసింది. తుపాకీ పట్టింది తక్కువ, టైపు మిషను ముందు కూర్చుంది ఎక్కువ. జర్మనీలో ఒక దళానికి రోజువారీ రిపోర్టులు కొట్టిపెట్టేది. అందుకే సైన్యం కాగితాల సంగతి ఆవిడకు తెలిసినట్టు మా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఆవిడ నోటి సంగతి కూడా అందరికీ తెలుసు. చర్చిలో వర్నా ప్రార్థన చేస్తుంటే దేవుడితో పోట్లాడుతున్నట్టే ఉంటుందని ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

ఫైలు కాలిపోయిందని ఉత్తరం వస్తే మిగతా జిల్లాల వాళ్ళు ఆ ఉత్తరాన్ని మనిషి చేతిలో పెట్టి, అయ్యో పాపం అని పంపేస్తారు. వర్నా అలా పంపదు. ఫైలు కాలితే మనిషి కాలిపోతాడా అని అడుగుతుంది. ఆ మనిషి సైన్యంలో ఉండగా పన్ను పీకించుకున్నాడు, జ్వరంతో పడుకున్నాడు, సెలవు మీద వెళ్ళాడు, ఓడ ఎక్కాడు, ఓడ దిగాడు. ప్రతి చోటా ఎవడో ఒక గుమాస్తా ఏదో ఒక కాగితం రాశాడు. ఆ కాగితాలన్నీ రికార్డుల ఆఫీసులో కాలిపోయిన ఆ ఒక్క అంతస్తులోనే లేవు. ఒకసారి ఒక వంటవాడు కొరియాలో ఉన్నాడని పళ్ళ డాక్టరు జాబితా పట్టుకుని తేల్చింది. దానికి పదిహేను నెలలు పట్టింది. ఆ పదిహేను నెలలూ ఆవిడ భర్త హోయిట్ ఇంట్లో పిల్లిలా తిరిగాడు.

అలాంటి మనిషి దగ్గరికి 2003 అక్టోబరులో ఆర్విల్ టాకెట్ వచ్చాడు. ముక్కులో గొట్టాలు, వెనక చిన్న చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్. ఆయన కోర్టు భవనంలో అడుగుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటి ఉంటుంది. ఊళ్ళోకే రాడు. వంట సరుకులు కూడా పక్క ఊరు వెళ్ళి తెచ్చుకుంటాడు.

"నీ గదికి పదమూడు మెట్లున్నాయమ్మాయ్. దిగేసరికి సగం ప్రాణం పోయింది. మిగతా సగం పోయేలోగా పని మొదలెట్టు" అన్నాడు.

"కూర్చోండి ఆర్విల్ గారూ. ఏం కావాలి?"

"నేను పారిపోలేదని రాసిన కాగితం కావాలి."

వర్నా పెన్ను కింద పెట్టింది. ఆ మాట వెనక ఏముందో మార్బుల్ గ్యాప్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు మా ఊరి నేషనల్ గార్డు దళాన్ని, అంటే మామూలు రోజుల్లో ఊళ్ళోనే ఉండి అవసరమైతే సైన్యానికి లారీలు నడిపే నూట పది మంది కుర్రాళ్ళని, ఉన్నపళాన పిలిచి పంపేశారు. బయటి ఊరివాడు ఒక్కడు లేడు. ఒకే బడిలో చదివినవాళ్ళు, ఒకే ఏట్లో ఈదినవాళ్ళు. అందుకని యుద్ధంలో ఒకడికి జరిగింది వారంలో ఊరందరికీ తెలిసేది. 1951 మే నెలలో ఇంటింటికీ వచ్చిన ఉత్తరాల్లో ఒకే కబురు ఉంది: చైనావాళ్ళు విరుచుకుపడిన ఏప్రిల్‌లో ఆర్విల్ టాకెట్ లారీ వేసుకుని పారిపోయాడు, పదకొండు రోజులకు తిరిగొచ్చాడు. ఆ తర్వాత దళం రైలు దిగి, బ్యాండు మేళంతో ఇళ్ళకు చేరింది. ఆర్విల్ మరో ఎనిమిది నెలలకు బస్సులో ఒక్కడే దిగాడు. ఎవరూ ఎదురెళ్ళలేదు.

"డాక్టరు వసంతం దాకా బతుకుతావన్నాడు. సైనికుడిలా పూడ్చమని అడిగాను. పెట్టె మీద జెండా, తుపాకుల వందనం. ఇంకేం అడగలేదు. నీ పేరు దళం చరిత్ర పుస్తకంలో పారిపోయినవాడిగా ఉంది, కుదరదన్నారు మన మాజీ సైనికుల సంఘంవాళ్ళు. కాగితం తెస్తే చూస్తామన్నారు. నా డిశ్చార్జి కాగితం అరవై ఒకటి వరదలో ఇంటితో పాటే కొట్టుకుపోయింది. పై వాళ్ళకి రాస్తే కాలిపోయిందని జవాబు."

"అసలు ఏం జరిగింది?"

"లెఫ్టినెంటు రోడ్డు పక్కన జీపు ఆపి, ఇంజనీర్లకి లారీలు చాలడం లేదు, నువ్వు వెళ్ళు, వాళ్ళు వదిలేదాకా వాళ్ళ దగ్గరే ఉండు అన్నాడు. వెళ్ళాను. వెళ్ళేప్పుడు వంతెన దుంగలు, వచ్చేప్పుడు గాయపడ్డవాళ్ళు. పదకొండు రోజులు బూట్లు విప్పలేదు. లెఫ్టినెంటు మర్నాడే పోయాడు. నన్ను పంపినట్టు తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు."

"తిరిగొచ్చాక ఎవరూ అడగలేదా?"

"సార్జెంటు తిట్టాడు. వారానికి ఇంజనీర్లు నన్ను వాళ్ళలోకి మార్పించుకున్నారు. మనవాళ్ళు ఇళ్ళకి ఏం రాశారో నాకు ఇక్కడ బస్సు దిగేదాకా తెలీదు."

మనిషి ఫైలు కాలిపోయినా దళం రోజువారీ రిపోర్టులు కాలలేదని వర్నాకు తెలుసు. ప్రతి దళం గుమాస్తా ప్రతి ఉదయం ఒక కాగితం కొట్టేవాడు. ఎవడు వచ్చాడు, ఎవడు పోయాడు, ఎవడు ఆసుపత్రికెళ్ళాడు. మార్పు ఉన్నవాడి పేరే రాస్తారు. ఉన్నచోటే ఉన్నవాడి పేరు ఎత్తరు. ఆ కాగితాలన్నీ ఫిల్ము చుట్టల మీదకు ఎక్కించి నగరంలోని ఆ రికార్డుల ఆఫీసులోనే దాచారు. వర్నా మర్నాడే నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళింది. దారి పొడుగునా, ఆ సంఘంవాళ్ళ మొహాన ఏ కాగితం ఎలా కొట్టాలో ఆలోచించుకుంది.

చుట్ట మిషనుకు ఎక్కించి తిప్పింది. ఏప్రిల్ 17. "టాకెట్, ఆర్విల్: విధి నుంచి సెలవు లేని గైర్హాజరుకు." ఇంకా తిప్పింది. పది రోజులు ఆ పేరే లేదు. ఏప్రిల్ 28. "టాకెట్, ఆర్విల్: సెలవు లేని గైర్హాజరు నుంచి విధికి." లెక్క సరిగ్గా పదకొండు రోజులు. పుస్తకంలో ఉన్నదీ అదే, ఊరు చెప్పుకున్నదీ అదే. వర్నా మిషను ఆపేసింది. రెండు కాగితాలూ నకలు తీయించుకుని కారెక్కింది.

ఆవిడకు అబద్ధం చెప్పినవాళ్ళు కొత్త కాదు. చూడని యుద్ధం చూశామన్నవాళ్ళని, తగలని గుండు తగిలిందన్నవాళ్ళని ఎందరినో మెట్లెక్కించి పంపేసింది. కానీ ఈ ముసలాయన్ని నమ్మింది. నమ్మినందుకు తన మీద తనకే మంటగా ఉంది. ఆ మంట అలాగే పట్టుకుని ఆర్విల్ ట్రెయిలర్ ఇంటికి వెళ్ళింది. పొయ్యి మీద బీన్సు ఉడుకుతున్నాయి, బల్ల మీద మొక్కజొన్న రొట్టె ఉంది. ఆయన రెండో పళ్ళెం తీయబోయాడు.

"తిండికి రాలేదు. నాతో అబద్ధం ఎందుకు చెప్పారు?" అని రెండు కాగితాలూ బల్ల మీద పడేసింది. "ఇదిగో, సైన్యం కాగితం. పదకొండు రోజులు సెలవు లేకుండా పోయారని ఉంది. నన్ను నాలుగు గంటలు పోయి, నాలుగు గంటలు వచ్చేలా చేసి మీరేం బావుకున్నారు?"

ఆర్విల్ కాగితాలు చదవలేదు. చేత్తో అవతలికి జరిపాడు.

"యాభై రెండేళ్ళలో నా మాట నమ్మి కారు తీసింది నువ్వొక్కదానివే" అన్నాడు. "ఇప్పుడు నువ్వూ వాళ్ళ పక్కకి పోయావు. పో. తలుపు వేసి పో, చలి."

వర్నా తలుపు గట్టిగానే వేసి వెళ్ళింది.

ఆ గురువారం ఉదయం హోయిట్ వారపత్రిక ముందు పెట్టుకుని గుడ్లూ బంగాళాదుంపలూ తింటున్నాడు. భార్య వారం రోజులుగా మాట్లాడటం లేదు కాబట్టి తనకు తానే పైకి చదువుకుంటున్నాడు.

"ఇది విన్నావా? సవరణ అట. పోయిన సంచికలో యాపిల్ పై వంటల పోటీ మొదటి బహుమతి మిసెస్ క్లిఫ్టన్‌కి వచ్చిందని వేశాం, నిజానికి వచ్చింది మిసెస్ బార్జర్‌కి, చదువరులు గమనించగలరు. పాపం క్లిఫ్టనమ్మ. వారమంతా ఊళ్ళో తల ఎగరేసుకుని తిరిగింది."

వర్నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ చదువు."

"ఏంటి, యాపిల్ పై సంగతా?"

"సవరణ అన్నది."

హోయిట్ చదివాడు. వర్నా గ్లాసు బల్ల మీద పెట్టి, చర్చిలో అనకూడని మాట ఒకటి అంది. ఎవరినో కాదు, తన్నే అంది. రోజువారీ రిపోర్టులో తప్పు పడితే చెరపకూడదు, కొట్టేయకూడదు. అది సైన్యం నియమం. తప్పు తెలిసిన రోజు రిపోర్టులో కొత్తగా సవరణ అని ఒక పంక్తి రాయాలి. అది రెండు రోజులకు రావచ్చు, రెండు వారాలకు రావచ్చు. అందుకే ఒక మనిషి గురించి చెడ్డ పంక్తి కనిపిస్తే, కనీసం నెల రోజులు ముందుకు చదవకుండా చుట్ట ఆపకూడదు. జర్మనీలో కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ పాఠం చెప్పింది తనే. తను స్వయంగా కొట్టిన సవరణలే వందల కొద్దీ ఉంటాయి. అలాంటిది ఏప్రిల్ 28న ఆపేసి, కారెక్కి వెళ్ళి చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద అరిచి వచ్చింది.

"ఎక్కడికీ?" అన్నాడు హోయిట్.

"నగరానికి."

"గుడ్లు?"

"నువ్వు తిను."

అదే చుట్ట, అదే మిషను. ఏప్రిల్ 29, 30. మే 1, 2. ఒక్కో పంక్తి చదువుకుంటూ మెల్లగా తిప్పింది. మే 3న కింది నుంచి రెండో పంక్తి:

"సవరణ. ఏప్రిల్ 17, టాకెట్, ఆర్విల్: 'విధి నుంచి సెలవు లేని గైర్హాజరుకు' అని ఉన్నదానిని 'విధి నుంచి ఇంజనీర్ల దళంలో తాత్కాలిక విధికి' అని చదువుకోవలెను. ఏప్రిల్ 28 నమోదు రద్దు."

వర్నా మూడుసార్లు చదివింది. మొదట గుండె తేలికపడింది. ఆ తేలిక రెండు నిమిషాలు కూడా ఉండలేదు. ఈ పంక్తి ఎవరో కొట్టారు కదా అనిపించింది. ఆ మనిషికి 1951 మే మూడో తారీఖు నుంచి తెలుసు.

ఆ మనిషి ఎవరో వెతకాల్సిన పని లేదు. దళం చరిత్ర పుస్తకం మా ఊళ్ళో బైబిలు పక్కన పెట్టుకోని ఇల్లు లేదు. ముందుమాటలోనే రాసుకున్నాడు: "మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ప్రతి రిపోర్టూ నా టైపు మిషను మీదనే పుట్టింది. నా దగ్గర దాచుకున్న కార్బన్ కాపీల నుంచే ఈ పుస్తకం కూర్చాను." కింద పేరు గ్రేడీ ఊల్సీ. ఇరవై ఎనిమిదేళ్ళు కౌంటీ గుమాస్తాగా చేసి గౌరవంగా దిగిన మనిషి. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు. ఎవరికి తుపాకుల వందనం ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చేదీ ఆయనే. వర్నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మంచిమాట వేసినవాడు కూడా ఆయనే.

శనివారం ఉదయం ఆయన సంఘం హాల్లో ఒక్కడే కూర్చుని, వందనానికి వాడే తుపాకులు నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. వర్నాను చూసి లేచాడు.

"రా వర్నా, కాఫీ పెట్టాను."

"వద్దు. ఇది చదవండి గ్రేడీ గారూ."

ఆయన చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చిన్న పంక్తి అది. చాలాసేపు చదివాడు.

"ఎవరు కొట్టారిది?" అంది వర్నా.

"నేనే."

"పుస్తకంలో ఏప్రిల్ పదిహేడు ఉంది. ఇరవై ఎనిమిది ఉంది. మే మూడు లేదు. ఎందుకు లేదు?"

గ్రేడీ కాగితాన్ని బల్ల మీద పెట్టి అంచు సరిచేశాడు. గుమాస్తా చేతులు కదా, ఎంత కష్టంలోనూ కాగితం వంకరగా ఉంటే చూడలేవు.

"అప్పటికే అందరూ ఇళ్ళకి రాసేశారమ్మా. ఊళ్ళో పాకిపోయింది. నేను ఇప్పుడు కాదంటే..."

"కాదంటే ఏమయ్యేది?"

"లెఫ్టినెంటు ఆర్విల్‌ని పంపి నేరుగా నా డేరాకే వచ్చాడు. టాకెట్‌ని ఇంజనీర్లకిచ్చాను, రాసుకో అన్నాడు. చుట్టూ గుండ్లు పడుతున్నాయి, డేరాలు పీకుతున్నారు. మర్చిపోయాను. మర్నాడు ఆయన పోయాడు. హాజరు తీస్తే ఆర్విల్ లేడు. గైర్హాజరని కొట్టాను. తర్వాత ఇంజనీర్ల చీటీ వచ్చాకే గుర్తొచ్చింది. సవరణ కొట్టేశాను. నా పని నేను చేశాననుకున్నాను."

"సైన్యానికి చెప్పారు. ఊరికి చెప్పలేదు."

"నాకప్పుడు ఇరవై రెండేళ్ళు వర్నా."

"ఇప్పుడు డెబ్బై నాలుగు. మధ్యలో ఒక్క మధ్యాహ్నం ఖాళీ దొరకలేదా మీకు?"

వర్నా కేకలు వేయలేదు, అదే విచిత్రం. ఫోనులో ఊరూ పేరూ తెలియని వాళ్ళని అంతలేసి మాటలు అనే మనిషికి అక్కడ గొంతు పైకి రాలేదు. మంటలో కాగితాలు పోయాయని ఇన్నేళ్ళు ఎవరినో తిట్టుకుంది. ఈ కాగితం ఏ మంటలోనూ పోలేదు. ఈ మనిషి ఇంట్లో, సొరుగులో, కార్బన్ కాపీగా భద్రంగా ఉంది. ఆ సొరుగు పక్కనే కూర్చుని ఆయన పుస్తకం రాశాడు, ఏటేటా సభల్లో పేర్లు చదివాడు, ఆర్విల్ అర్జీ మీద కుదరదని సంతకం పెట్టాడు. ఆ సంతకానికి ఇంకా నెల కూడా నిండలేదు.

"ఏం చేయమంటే అది చేస్తాను" అన్నాడు గ్రేడీ. "దళం స్మారక రాయి మీద ఆర్విల్ పేరు చెక్కిస్తాను. వందనం ఇప్పిస్తాను. పత్రికలో వేయిస్తాను."

"నన్నడక్కండి. నాకేం చేశారని?"

ఆ మధ్యాహ్నమే ఆర్విల్ ఇంటికెళ్ళింది. ఈసారి తలుపు తట్టి, రమ్మనేదాకా ఆగింది. లోపలికెళ్ళి ముందు క్షమాపణ అడిగింది. అడగడం ఆవిడకు అలవాటు లేదు కాబట్టి పొడిగా, తప్పు నాది, ముందుకు చదవకుండా ఆపేశాను అంది. తర్వాత మే మూడో తారీఖు కాగితం చేతికిచ్చింది. దాని నకలు పై ఆఫీసుకు పంపానని, సైన్యం నుంచి గౌరవంగా దిగినట్టు కొత్త డిశ్చార్జి కాగితం వస్తుందని, జెండాకు అడ్డం లేదని చెప్పింది.

ఆర్విల్ కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చదివాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎవరు కొట్టారు?"

వర్నా అంతా చెప్పింది. లెఫ్టినెంటు డేరాకు వెళ్ళడం, గ్రేడీ మర్చిపోవడం, పుస్తకం, రాయి మీద చెక్కిస్తానన్న మాట, ఏదీ దాచలేదు.

ఆర్విల్ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి తీయడమే ఆయనకు పెద్ద పని.

"నేను ఊరొచ్చిన నెలకి మా అమ్మ గ్రేడీ ఇంటికెళ్ళింది" అన్నాడు. "నడిచి వెళ్ళింది, ఐదు మైళ్ళు. నువ్వు గుమాస్తావి కదరా, నా కొడుకుతో కలిసి మా ఇంట్లో తిన్నావు కదరా, నిజం చెప్పు, వాడు పారిపోయాడా అని అడిగింది. వాడేమన్నాడో తెలుసా? వాళ్ళు చెప్పింది నేను కొట్టాను యూలా అత్తా, నాకేం తెలీదు అన్నాడు. మా అమ్మ తిరిగొచ్చి, రేపట్నుంచి ఆ చర్చికి పోను అంది. పోలేదు. యాభై ఎనిమిదిలో పోయేదాకా నన్నొక్క మాట అనలేదు. నేనంటే నమ్మకం ఉందని కూడా అనలేదు."

"ఆర్విల్ గారూ..."

"వాడి రాయి మీద నా పేరు వద్దు. వాడు తుడిచిన తుపాకులూ వద్దు."

"పక్క కౌంటీ సంఘంతో నిన్ననే మాట్లాడాను. వాళ్ళు వస్తారు. వాళ్ళ తుపాకులు వాళ్ళే తెచ్చుకుంటారు."

"అది చాలు." కాగితం ఆవిడకు తిరిగిచ్చాడు. "కానీ వాడు ఈ పంక్తి చదవాలి. నాకు కాదు, నేను పారిపోలేదని నాకు తెలుసు. పత్రికలో కాదు. మా అమ్మకి చదవాలి."

గ్రేడీ రానంటే చొక్కా పట్టుకుని లాక్కొద్దామనే వర్నా అనుకుంది. ఆ అవసరం రాలేదు. మంగళవారం మధ్యాహ్నం, నలుగురిలోకి వెళ్ళేప్పుడు వేసుకునే కోటు వేసుకుని తన కారులో వచ్చాడు. బెతెల్ గుట్ట శ్మశానంలో ఆకులన్నీ రాలిపోయాయి. వర్నా తన కారును లోపలి బాటలో, సమాధులకు ఎంత దగ్గరగా పోనిస్తే అంత దగ్గరగా తెచ్చి ఆపింది. ఆర్విల్ దిగలేడు. సిలిండర్ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ అద్దం పూర్తిగా దించమన్నాడు.

గ్రేడీ మోకాళ్ళు పట్టుకుంటూ గుట్ట ఎక్కి, యూలా టాకెట్ అని చెక్కిన చిన్న రాయి ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు. కారు వైపు ఒకసారి చూశాడు. ఆర్విల్ ఆయన వంక చూడలేదు, రాయి వంకే చూస్తున్నాడు. గ్రేడీ కోటు జేబులోంచి కాగితం తీసి, నోట్లోనే చదివాడు. సవరణ, ఏప్రిల్ పదిహేడు, టాకెట్ ఆర్విల్. చదివి, మడతపెట్టబోయాడు.

"గట్టిగా చదవరా గ్రేడీ" అన్నాడు ఆర్విల్ కిటికీలోంచి. "మా అమ్మకి చెవుడు."

గ్రేడీ మడత విప్పాడు. ఈసారి గట్టిగా చదివాడు. తాత్కాలిక విధికి అనే చోట ఆగి, మళ్ళీ అందుకుని చివరిదాకా చదివాడు.

"ఇప్పుడు రాయడం ఎవరు మర్చిపోయారో అది చెప్పు."

"నేనే యూలా అత్తా" అన్నాడు గ్రేడీ. "లెఫ్టినెంటు నాకు చెప్పాడు. నేను రాయలేదు. నువ్వు మా ఇంటికొచ్చి అడిగిన రోజున నాకు తెలుసు."

వర్నా కారు తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఈ మాట వింటే తన మంట చల్లారుతుందనుకుని వచ్చింది. చల్లారలేదు. నలభై ఐదేళ్ళ కింద పోయిన మనిషికి ఇవాళ చెబితే ఏమొచ్చిందని ఇంకా పెరిగింది. గుట్ట మీద ఆ ముసలాయన చేతిలో కాగితం గాలికి కొట్టుకుంటోంది, కోటు లేచిపోతోంది. పాపం అనిపించలేదు ఆవిడకు. అనిపించనందుకు సిగ్గూ కలగలేదు.

గ్రేడీ అక్కడే నిలబడి, ఇక పోవచ్చా అన్నట్టు కారు వైపు చూశాడు.

"ఇంకోసారి" అన్నాడు ఆర్విల్.

ఆపమనడానికి అక్కడ వర్నా ఒక్కతే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. గ్రేడీ కళ్ళజోడు సరిచేసుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.